లష్కర్‌లో ఆడపిల్లల బడి

పూర్వం మన ఆడవాళ్లకు చదువెందుకు లేకపోయిందని ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది: తల్లిదండ్రులు చదివించేవారు కాదు, ఆడపిల్ల చదివి ఊళ్లేలాలా అనుకునేవారు. ఈ జవాబులో నిజం లేకపోలేదు. కానీ నిజమంతా ఇదే అయితే చేయగలిగింది కూడా ఒక్కటే ఉంటుంది. జనం మనసు మారేదాకా ప్రచారం చేస్తూ కూర్చోవాలి. మనసు మారాక బళ్లు కట్టాలి. పేద దేశాల్లో ఆడపిల్లల చదువు గురించి మాట్లాడే పెద్దలు ఇవాళ్టికీ చాలావరకు ఈ దారిలోనే ఆలోచిస్తారు. తప్పు పల్లెటూరి తండ్రిది, అతని వెనకబాటుతనానిది అని తేల్చేస్తారు. సికింద్రాబాద్ నూటయాభై ఏళ్ల చరిత్ర చూస్తే ఈ తీర్పు నిలవదు. ఈ ఊళ్లో బడి ముందు వచ్చింది, మనసులు తర్వాత మారాయి. బడి దగ్గరగా ఉండి, లోపల పాఠం చెప్పేది ఆడమనిషై, పిల్ల క్షేమంగా వెళ్లి వస్తుందన్న భరోసా దొరికిన చోట తల్లిదండ్రులు పిల్లల్ని పంపారు. ఇవి లేని చోట పంపలేదు. ఆ పంపకపోవడాన్నే మనం అయిష్టం అని పేరుపెట్టి పిలుస్తూ వచ్చాం.

ఈ మాట నిలబెట్టడానికి సికింద్రాబాద్ కంటే మంచి సాక్ష్యం తెలుగునేల మీద దొరకడం కష్టం. హుస్సేన్ సాగర్‌కు ఒక ఒడ్డున ఒక పాలన, రెండో ఒడ్డున మరో పాలన నూరేళ్లకు పైగా నడవడమే దానికి కారణం. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు చెరువుకు ఉత్తరాన గుడారాలు వేసుకున్న చోటు 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది. జనం నోట అది లష్కర్. పటాలాల వెంట మద్రాసు నుంచి మొదలియార్లు, పిళ్లైలు వచ్చారు. తెలుగు కూలీలు, బండ్లవాళ్లు, చాకళ్లు, పారిశుద్ధ్యపు పనివాళ్లు వచ్చారు. పార్సీ, మార్వాడీ వర్తకులు దుకాణాలు తెరిచారు. నేల నిజాందే అయినా పాలన రెసిడెంటుది. కంటోన్మెంటు మినహా ఊరు తిరిగి నిజాం చేతికి వచ్చింది 1945లో. అంతవరకూ చెరువుకు దక్షిణాన చెల్లిన ఫర్మానాలు ఇక్కడ చెల్లలేదు. అటు ఇటు ఉన్నది ఒకే భాషలు మాట్లాడే, ఒకే ఆచారాలు పాటించే మనుషులు. ఆచారమే ఆడపిల్లను బడికి దూరం చేసి ఉంటే రెండు ఒడ్డుల్లోనూ ఒకే ఫలితం కనిపించాలి. అలా కనిపించదు.

1871లో ఇటలీలోని టురిన్ నుంచి సెయింట్ ఆన్ సభకు చెందిన సిస్టర్లు సికింద్రాబాద్ చేరారు. ఊరికి రైలు రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. వాళ్లు పెట్టిన సెయింట్ ఆన్స్ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఈ సభను 1834లో టురిన్‌లో స్థాపించినవారు బరోలో ప్రభువు దంపతులు కార్లో, జూలియా. అక్కడి పేదింటి ఆడపిల్లలకు చదువు చెప్పడానికే అది పుట్టింది. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. అంటే సర్కారు జిల్లాల్లో మన స్త్రీ విద్యకు ఆరంభంగా చెప్పుకునే బడికి మూడేళ్ల ముందే లష్కర్‌లో ఆడపిల్లల బడి ఉంది. ఈ ముందు వెనకలు పోటీ కోసం చెప్పడం లేదు. పూనాలో సావిత్రీబాయి ఫూలే 1848లోనే మొదలుపెట్టింది కదా. నేను చెప్పదలచింది వేరు. ధవళేశ్వరం బడి వెనక ఒక సంస్కర్త ఉన్నాడు, పత్రికలున్నాయి, వాదోపవాదాలున్నాయి. లష్కర్‌లో అలాంటి ఉద్యమమేదీ నడవలేదు. ఎవరూ జనాన్ని ఒప్పించలేదు. పాఠం చెప్పే ఆడవాళ్లు కొందరు వచ్చి తలుపు తీసి కూర్చున్నారు.

ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదన్న మాట ఇక్కడ దాచకూడదు. కంటోన్మెంటులో తొలినాటి కాన్వెంటు చదువు ఎక్కువగా దొరల బిడ్డలకు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు, వాళ్ల వెనక ఫీజు కట్టగలిగిన కొద్దిమంది దేశీయులకు. దొరసాని బట్టలు ఉతికే చాకలి కూతురు ఆ గేటు దాటి ఉంటుందని అనుకోలేం. అయితే ఒక బడి వల్ల జరిగే మేలు లోపల కూర్చున్నవాళ్లతో ఆగిపోదు. ఆడపిల్లల చదువుకు ఆ రోజుల్లో అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఆడ టీచరు దొరక్కపోవడం. పదేళ్లు దాటిన పిల్లను మగ పంతులు ముందు కూర్చోబెట్టడానికి ఏ కులం వాళ్లూ, ఏ మతం వాళ్లూ ఒప్పుకునేవారు కారు. చదువుకున్న ఆడది లేనిదే ఆడపిల్లకు చదువు లేదు, ఆడపిల్లకు చదువు లేనిదే చదువుకున్న ఆడది రాదు. ఈ ముడి విప్పాలంటే ఎక్కడో ఒకచోట మొదటి తరం తయారు కావాలి. లష్కర్‌లో ఆ తరం కాన్వెంట్లలోనూ మిషన్ బళ్లలోనూ తయారైంది. 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ వంటి వెస్లియన్ మిషనరీలు వచ్చి తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టారు. వాళ్ల వెనకే వెస్లీ బాలికల పాఠశాల వచ్చింది. ఎస్పీజీ అనే మరో క్రైస్తవ మిషన్ బడి కూడా ఊళ్లో నడిచింది. ఊరివాళ్లు తమ పిల్లల్ని పంపే కీస్ గర్ల్స్ హైస్కూలు కూడా నడిచింది. వీటిలో చదివిన పిల్లలే మళ్లీ టీచర్లయ్యారు, నర్సులయ్యారు. ఇప్పటి గాంధీ ఆస్పత్రికి పూర్వరూపమైన కింగ్ ఎడ్వర్డ్ ఆస్పత్రి ఈ ఊళ్లోనే ఉండేది. చదువు చివర జీతమున్న పని కనిపించినప్పుడు కూతురి చదువును తండ్రి లెక్క వేరుగా వేస్తాడు. అందులో తప్పేమీ లేదు. కొడుకు చదువును కూడా అతను అలాగే లెక్కవేశాడు.

మిషన్ బళ్లు చదువు పేరుతో మతం మార్చడానికే పెట్టారనే ఆక్షేపణ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మిషనరీలు తమ ఉద్దేశాన్ని ఎన్నడూ దాచుకోలేదు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. కానీ దానికి ఊరు ఇచ్చిన జవాబు గమనించాలి. ఆడపిల్లల్ని బళ్లు మాన్పించడం కాదు ఆ జవాబు, తమ బళ్లు తాము పెట్టుకోవడం. మగపిల్లల విషయంలో ఈ పని ముందే జరిగింది. 1862లో సోమసుందరం మొదలియార్ పెట్టిన బడి తర్వాత మహబూబ్ కాలేజీ అయింది. 1893 ఫిబ్రవరిలో వివేకానందుడు అమెరికా వెళ్లబోయే ముందు ప్రసంగించింది అక్కడే. ఆడపిల్లల వంతు ఆలస్యంగా వచ్చినా వచ్చింది. మతం పోతుందన్న భయం ఉన్న తల్లిదండ్రులు తమవాళ్ల బడి దొరకగానే పిల్లల్ని పంపారు. వాళ్ల అభ్యంతరం చదువు మీద అయ్యుంటే ఏ బడికీ పంపేవారు కారు. బడి ఎవరిదన్నదే వాళ్ల ప్రశ్న.

ఇక చెరువు దాటి దక్షిణానికి వెళదాం. హైదరాబాద్‌లో చదువుకున్న స్త్రీలు లేరని కాదు. అఘోరనాథ చటోపాధ్యాయ కూతురు సరోజిని (తర్వాత సరోజినీ నాయుడు) పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది. వైద్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ వైద్య పాఠశాలలో 1885లో స్త్రీలకు చోటిచ్చాడు. అక్కడ చదివిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది. 1907లో పరదా పాటించే పెద్దింటి అమ్మాయిల కోసం మహబూబియా బడి వచ్చింది. 1924లో ఆడపిల్లలకు ఇంటర్మీడియట్ కాలేజీ వచ్చింది. అదే తర్వాత కోఠీ మహిళా కళాశాల అయింది. పేర్లు ఘనమైనవే. కానీ రాజ్యం ఎంత పెద్దదో, అందులో తెలుగు మాట్లాడేవారు ఎంతమందో తలచుకుంటే ఇవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టగల వెలుగులు. పై చదువు ఉర్దూలో సాగేది. ఇంట్లో తెలుగు తప్ప తెలియని పిల్లకు హైస్కూలు మెట్టు ఎక్కాలంటే ముందు మరో భాష నేర్చుకోవాలి. సొంతంగా బడి పెట్టుకుందామంటే సర్కారు అనుమతి కావాలి. 1920లలో వచ్చిన నిబంధనల వల్ల అప్పటికే నడుస్తున్న ప్రైవేటు బళ్లు కూడా చాలా మూతపడ్డాయి. 1901 జనగణనలో దేశమంతటా నూరుగురు స్త్రీలలో చదవను రాయను వచ్చినవారు ఒక్కరు కూడా లేరు. నిజాం రాజ్యం ఆ సగటు కంటే కూడా వెనకబడి ఉంది.

సంగం లక్ష్మీబాయి జీవితం ఈ సంగతిని ఎవరి వ్యాఖ్యానమూ అక్కర్లేకుండా చెబుతుంది. ఆమె 1911లో ఘట్కేసర్‌లో పుట్టింది. ఘట్కేసర్ నుంచి సికింద్రాబాద్ ఎంతో దూరం కాదు, రైలు మార్గం కూడా ఉంది. అలాంటి ఊరి పిల్ల చదువు కోసం వెళ్లింది గుంటూరుకు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు అక్కడ నడిపిన శారదా నికేతనంలో చేరింది. ఆ తర్వాత ఆమె స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లింది, మెదక్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైంది. తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి కోసం ఒక పిల్ల రాజ్యం సరిహద్దు దాటి వెళ్లాల్సి వచ్చిందంటే లోపించింది ఇష్టం కాదు కదా. అలా వెళ్లలేని వేలమంది ఇళ్లలోనే ఉండిపోయారు. జనగణనలో వాళ్లంతా నిరక్షరాస్యులుగా నమోదయ్యారు.

ఈ లోపం ఎక్కడుందో మాడపాటి హనుమంతరావు సరిగ్గా పట్టుకున్నాడు. 1928లో ఆయన ప్రారంభించిన ఆంధ్ర బాలిక పాఠశాల తర్వాత నారాయణగూడలో స్థిరపడింది. తెలుగు మాధ్యమంలో హైస్కూలు చదువుకు రాజ్యంలో గుర్తింపు దొరకదు కాబట్టి, దాన్ని ఎక్కడో బొంబాయి రాష్ట్రంలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. నాంపల్లి పిల్లకు పరీక్ష పూనా నుంచి. ఇంత చుట్టు తిరగడం ఎందుకంటే, పట్టా లేని చదువుకు తల్లిదండ్రులు విలువివ్వరని ఆయనకు తెలుసు. రానుపోను సంగతి కూడా అంతే. ఆ కాలపు ఆడపిల్లల బళ్లకు తెర కట్టిన ఎద్దుబండి తప్పనిసరి. బండి వీధివీధీ తిరుగుతుంది. వెంట ఉన్న ఆయా దిగి తలుపు తట్టి పిల్లను పిలుస్తుంది. పిల్ల ఎక్కాక తెర దించుతారు. సాయంత్రం మళ్లీ అదే వరసలో దింపుతారు. బండికయ్యే ఖర్చు, ఎద్దుల మేత, బండివాడి జీతం, ఆయా జీతం కలిస్తే బడి పద్దులో భారీ మొత్తమే అవుతుంది. పలకలకూ పుస్తకాలకూ అయ్యేదాని కంటే పిల్లను ఇంటి నుంచి బడికి చేర్చడానికే ఎక్కువ కష్టపడాల్సిన రోజులవి. తెర కట్టిన బండిని ఛాందసమని చూడటం సులువు. నా దృష్టిలో అది ఆ రోజుల్లో స్త్రీ విద్య కోసం జరిగిన అతి తెలివైన ఏర్పాటు. పరదా పోయేదాకా చదువు ఆగాలని ఆ పెద్దలు అనుకోలేదు. పరదాతో సహా పిల్లను బడికి తెచ్చారు. పరదా తొలగే సంగతి చదువుకే వదిలేశారు.

ఆడవాళ్లే అడగలేదు కదా అనే వాదన కూడా ఒకటుంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దాని పక్కనే ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. తర్వాతి మహిళా సభలకు ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. ఆ సభలన్నిటా మళ్లీ మళ్లీ వినపడిన కోరిక ఆడపిల్లలకు మాతృభాషలో చదువు, బాల్యవివాహాల రద్దు. చదువు లేని తరం స్త్రీలు ఊరూరి నుంచి వచ్చి కూతుళ్లకు బడి కావాలని అడిగారు. విననిది ఎవరో చెప్పనక్కర్లేదు.

లష్కర్‌కు తిరిగి వస్తే, నా వాదానికి అన్నిటికంటే బలమైన రుజువు ఇద్దరు దళిత స్త్రీల జీవితాల్లో ఉంది. ఈశ్వరీబాయి 1918లో సికింద్రాబాద్‌లోని చిలకలగూడలో పుట్టింది. తండ్రి నిజాం రైల్వే ఉద్యోగి. ఎస్పీజీ మిషన్ బడిలో, తర్వాత కీస్ హైస్కూల్లో చదివింది. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని చదువు ఆపలేకపోయింది, నిజమే. కానీ పెళ్లి ఆ చదువును తుడిచేయలేకపోయింది. ఆమె పరోపకారిణి పాఠశాలలో టీచరుగా పనిచేసి సొంత కాళ్ల మీద నిలబడింది. చిలకలగూడలో గీతా విద్యాలయం పెట్టింది. సికింద్రాబాద్ కార్పొరేషన్‌కు ఎన్నికైంది. 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున శాసనసభకు వెళ్లింది. టి.ఎన్. సదాలక్ష్మి 1928లో ఇదే ఊళ్లో పారిశుద్ధ్యపు పనివాళ్ల కులంలో పుట్టింది. ఇక్కడే చదివి, శాసనసభ్యురాలై, దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో దేవాదాయ శాఖ మంత్రి అయింది, ఉపసభాపతిగా కూడా పనిచేసింది. ఏ గుడి మెట్లు తాకనివ్వని కులమో ఆ కులపు ఆడబిడ్డ చేతికి రాష్ట్రంలోని గుళ్ల పాలన వచ్చింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ఇద్దరూ ముందువరసలో నిలబడ్డారు. వీళ్లిద్దరూ పుట్టకముందే, చెరువుకు అవతల భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి దళితుల పిల్లలకు బళ్లు పెడుతూ వచ్చాడు, జోగిని దురాచారానికి ఎదురు నిలిచాడు. ఆయన శ్రమ ఎంత గొప్పదైనా ఒక మనిషి నడిపే బళ్లు ఎన్ని ఊళ్లకు చేరగలవు? తెలంగాణ పల్లెల్లో ఈశ్వరీబాయి వయసు దళిత పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో ఊహించండి. తెలివిలో వాళ్లు తక్కువని ఎవరూ అనలేరు. వాళ్లకు నడిచి వెళ్లేంత దూరంలో బడి లేదు.

దీనికి బలమైన ఎదురు వాదం ఒకటుంది. లష్కర్ మామూలు ఊరు కాదు. అక్కడివాళ్లంతా వలసవచ్చినవాళ్లు. ఊరి పెద్దలు, దొరలు, కులపంచాయితీ నెత్తిమీద లేరు. పటాలంలోనో రైల్వేలోనో నెలజీతం వచ్చేది. అలాంటివాళ్ల మనసు ముందే మారి ఉంటుంది, బడి దాన్ని వాడుకుంది అంతే అనవచ్చు. ఇందులో కొంత ఒప్పుకోక తప్పదు. వెట్టి చేసే పాలేరు కంటే రైల్వే కార్మికుడికి కూతుర్ని బడికి పంపే వీలు ఎక్కువ. కానీ ఈ వాదం చెప్పేది కూడా జీతం గురించి, దొర భయం లేకపోవడం గురించి. తండ్రి గుండెలో ఉన్న ఆచారం గురించి కాదు. పైగా నారాయణగూడ బడి నిండింది వలసవాళ్లతో కాదు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలతో. ఘట్కేసర్ పిల్ల కూడా పటాలం పిల్ల కాదు.

ఇప్పటి మాటకు వస్తే, చదివించినా ఉద్యోగాలెక్కడున్నాయి, చదివిన పిల్లకు చదివిన వరుణ్ణి తేవాలంటే కట్నం ఇంకా పెరుగుతుంది కదా అనే తల్లులు ఈనాటికీ ఉన్నారు. వాళ్ల బాధ నిజం, దాన్ని పాఠాలు చెప్పి కొట్టిపారేయకూడదు. కట్నం బెడద చదువు తెచ్చింది కాదు. చదువు లేని ఇళ్లలోనూ అది ఉంది, అక్కడ ఆడపిల్లకు దాన్ని ఎదిరించే దారి కూడా లేదు. ఇక 2011 జనగణన నాటికి తెలంగాణ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 58 మంది, మగవారిలో 75. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న తెలంగాణ స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం మందికి. ఈ పరిస్థితి ఉపన్యాసాలు తక్కువై వచ్చింది కాదు. ఊళ్లో బడి ఏడుతోనో పదితోనో ఆగిపోయి, కాలేజీ మండల కేంద్రంలో ఉండి, బస్సు సమయానికి రాకపోతే ఆ ఇంట్లో పెళ్లిమాట మొదలవుతుంది. బంగ్లాదేశ్ 1994 నుంచి పల్లెల్లోని ఆడపిల్లలకు హైస్కూలు చదువు సాగినంతకాలం ఉపకారవేతనం ఇచ్చింది. హాజరు ఉండాలి, పెళ్లి కాకూడదు అని షరతు పెట్టింది. అప్పట్లో మన కంటే పేద దేశమైనా ఆ దేశపు హైస్కూళ్లలో ఆడపిల్లలు మగపిల్లల సంఖ్యను అందుకుని దాటిపోయారు. అక్కడి తండ్రుల మతం మారలేదు, కులం మారలేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర స్త్రీలకు చార్జీ లేదు. ఆ పథకం మీద ఎన్ని వాదాలున్నా, పల్లె నుంచి కాలేజీకి వెళ్లే పిల్ల విషయంలో అది ఒకప్పటి తెర బండి చేసిన పనే చేస్తుంది. అయితే బస్సు ఎక్కాక చేరాల్సిన చోట కాలేజీ ఉండాలి, కాలేజీలో ఆడ లెక్చరరు ఉండాలి, వాడుకోదగిన మరుగుదొడ్డి ఉండాలి, హాస్టల్లో వార్డెను ఉండాలి. మీ మండలంలో బాలికల పాఠశాలను పిల్లలు తక్కువన్న పేరుతో మరో దానిలో కలిపేస్తున్నారని తెలిస్తే, కస్తూర్బా విద్యాలయంలో టీచరు పోస్టులు ఖాళీగా ఉంటే, కాలేజీ వేళకు బస్సు లేకపోతే, దయచేసి మౌనంగా ఉండకండి. తల్లిదండ్రులు పంపడం లేదని అధికారి చెబితే ఏ బడికి పంపాలని ఆయన్ను అడగండి.